ఎలుకలు తిన్న త్రాసు

సికిందరాబాదులో మహాత్మాగాంధీ రోడ్డు మీదుగా వెళ్ళినవాళ్ళు గడియారం ఉన్న పాత పోలీసు ఠాణా కట్టడాన్ని చూసే ఉంటారు. మా రాంగోపాల్‌పేట వాళ్ళం దాన్ని జేమ్స్ స్ట్రీట్ ఠాణా అంటాం. రోడ్డు పేరు మారి ఎన్నేళ్ళయినా మా నోళ్ళు మారలేదు. దాన్ని కట్టించినవాడు దివాన్ బహద్దూర్ సేఠ్ రామ్‌గోపాల్ అనే షావుకారు. మా పేట పేరు ఆయనదే. ఒకప్పుడు ట్యాంక్‌బండ్ దిగువన నడిచిన డి.బి.ఆర్. మిల్లులో ఆ మూడక్షరాలూ ఆయనవే. "షావుకారు కట్టించిన ఠాణా ఉన్న పేటలో పుట్టాను కనుక వ్యాపారమూ, నీతీ రెండూ కలిపి చెప్పే అర్హత నాకుంది" అని క్లాసులో మొదటిరోజు అనేవాణ్ణి. పిల్లలు నవ్వేవాళ్ళు. మొదటిరోజు మాస్టారు ఏం చెప్పినా నవ్వుతారు, అది వేరే సంగతి.

ఏ క్లాసు అంటారా? డిగ్రీ కాలేజీలో ముప్ఫై ఏళ్ళు కామర్సు చెప్పి రిటైరయ్యాక, 2006లో ఒక ఎం.బి.ఏ. కాలేజీలో గంటకింత అని పాఠాలు చెప్పడానికి కుదిరాను. కాలేజీ పేరెందుకు లెండి. ఫైనాన్సు తెలిసినవాళ్ళు ఫైనాన్సూ, మార్కెటింగు తెలిసినవాళ్ళు మార్కెటింగూ పంచుకోగా ఎవరికీ అక్కర్లేక మిగిలిన పేపరు ఒకటుంది: బిజినెస్ ఎథిక్స్, అంటే వ్యాపార నీతి. ముసలాయన కదా, నీతులు బాగానే చెప్తాడని నాకు కట్టబెట్టారు. మా ఆవిడ మాత్రం సంతోషించింది. "ఇంట్లో ఇన్నేళ్ళుగా ఊరికే చెప్తున్నారు, ఇప్పటికైనా నాలుగు డబ్బులొస్తాయి" అంది.

నాకు ఈ సబ్జెక్టులో మొదటి గురువు మా నాన్న. ఆయన రాణీగంజ్‌లో ఒక ఇనుప సామాన్ల దుకాణంలో గుమాస్తా. చిట్టా, ఆవర్జా రాయడం ఆయన పని. దీపావళినాడు సేఠ్‌జీ కొత్త ఖాతా పుస్తకాలకు పూజ చేసి, ఒకవైపు 'శుభ్' అనీ, ఒకవైపు 'లాభ్' అనీ రాయించేవాడు. నేను ఆ పక్కన మిఠాయి కోసం నిలబడి ఉండేవాణ్ణి. నాన్న నాకు నేర్పిన అకౌంటెన్సీ అంతా ఒక్క ముక్కలో ఉంది. అంకె తప్పు పడితే బ్లేడుతో గీకకు. దాని మీద ఒక్క గీత గీసి, పక్కన సరైన అంకె వేసి, పొట్టి సంతకం పెట్టు. తప్పు కింద కనబడుతూనే ఉండాలి. తరవాత ఎం.కాం.లో ఇదే మాటను ఇంగ్లీషులో అరపేజీ చదివాను.

అలాగని మా నాన్నను హరిశ్చంద్రుడి పక్కన నిలబెట్టబోవడం లేదు. ఆ దుకాణంలో పుస్తకాలు రెండు రకాలు: పక్కా, కచ్చా. పక్కా పుస్తకం సేల్స్ టాక్సు వారి దర్శనార్థం, కచ్చా పుస్తకం సేఠ్‌జీ స్వంతానికి. రెండూ రాసింది మా నాన్నే. రెంటిలోనూ బ్లేడు పెట్టి గీకలేదు. దొంగలెక్క కూడా అంత నిజాయితీగా రాశారన్నమాట! ఇది నీతి కిందికొస్తుందా, అవినీతి కిందికొస్తుందా అని నేను చాలాకాలం ఆలోచించాను. ఆయన్ను అడిగే ధైర్యం మాత్రం చాలలేదు.

అసలు 'నీతి' అన్న మాటే మనల్ని కొంచెం తికమక పెడుతుంది. మన మొట్టమొదటి మేనేజ్‌మెంటు ప్రొఫెసరు విష్ణుశర్మ. చదువబ్బని రాజకుమారులు ముగ్గురిని ఆరు నెలల్లో ప్రయోజకులను చేస్తానని పందెం కట్టాడు. ఆరు నెలల క్రాష్ కోర్సు! పాఠమంతా కథల్లోనే. హార్వర్డు వాళ్ళు కేస్ మెథడ్ అని పేరుపెట్టి ప్రపంచమంతా పంచిన పద్ధతి ఇంతకన్నా భిన్నమైందేమీ కాదు. చిన్నయ సూరి ఆ కథలతోనే 1853లో 'నీతిచంద్రిక' తెచ్చారు. మిత్రలాభం, మిత్రభేదం చదవని తెలుగు విద్యార్థి ఒకప్పుడు ఉండేవాడు కాదు. కానీ ఆ కథల్లో గెలిచేదెవరో కాస్త చూడండి. సింహానికీ ఎద్దుకూ తగవు పెట్టిన నక్క చివరికి మంత్రిగా స్థిరపడుతుంది. అక్కడ నీతి అంటే బతకనేర్చిన తెలివి. మనం ఎథిక్స్ అనుకునే నీతి వేరు. ఒకే మాట రెండు పుస్తకాల పని చేస్తోంది, మా సేఠ్‌జీ లాగానే.

ఇక కాలేజీ చదువుగా వ్యాపారం మనవైపు వచ్చింది 1950ల్లో. 1956లో హైదరాబాదులో అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజి ఏర్పడింది. ఒకప్పుడు బేరార్ యువరాజు నివసించిన బెల్లా విస్టా భవనం దానికి ఇల్లయింది. 1957లో వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఎం.బి.ఏ. మొదలుపెట్టింది. అంటే అహ్మదాబాదు, కలకత్తా ఐ.ఐ.ఎం.లు 1961లో పుట్టకముందే మన తెలుగుదేశంలో ఎం.బి.ఏ. ఉందని గర్వంగా చెప్పుకోవచ్చు. ఆ రోజుల్లో నీతికి ప్రత్యేకంగా పేపరు పెట్టాలని ఎక్కువమందికి తోచలేదు. పెద్దమనిషి కొడుకు పెద్దమనిషే అవుతాడని నమ్మకం కాబోలు.

ఆ నమ్మకం అమెరికాలో ముందు పోయింది. 1980ల్లో వాల్ స్ట్రీట్‌లో రహస్య సమాచారంతో షేర్ల వ్యాపారం చేసి పట్టుబడ్డవాళ్ళలో పెద్ద పెద్ద స్కూళ్ళలో చదివినవాళ్ళు కనబడేసరికి, అక్కడి షేర్ మార్కెట్ల పోలీసు అనదగ్గ సంస్థకు అధ్యక్షుడుగా ఉన్న జాన్ షాడ్ 1987లో హార్వర్డ్ బిజినెస్ స్కూలుకు సుమారు 2 కోట్ల డాలర్లు ప్రకటించాడు. దేనికయ్యా అంటే, నీతి నేర్పడానికి. ఆ స్కూల్లోనే 1979లో బహుమతులతో పాసైన జెఫ్రీ స్కిల్లింగ్ అప్పటికింకా ఎన్రాన్‌లో చేరనేలేదు.

అదే 1987లో ఇక్కడ సికిందరాబాదులో ఒక చిన్న కంప్యూటరు కంపెనీ రిజిస్టరయింది. పేరు సత్యం. స్థాపించినవాడు బైర్రాజు రామలింగరాజు. విజయవాడ లయోలా కాలేజీలో బి.కాం., అమెరికాలో ఒహాయో విశ్వవిద్యాలయంలో ఎం.బి.ఏ. ఆ తరవాత హార్వర్డులో యజమానుల కోసం నడిపే కోర్సుకు కూడా వెళ్ళివచ్చాడు. కంపెనీ పెరిగాక దాని రిజిస్టర్డ్ ఆఫీసు ఎస్.పి. రోడ్డు మీద మేఫెయిర్ సెంటర్. మా ఇంటినుంచి ప్యారడైజ్ దాటితే ఆ బోర్డు కనబడేది. సాయంత్రం నడకకు వెళ్ళినప్పుడు ఆ బోర్డు చూసి, మావాడే అన్నట్టు నడుము కొంచెం నిటారు చేసుకునేవాణ్ణి. నేనొక్కణ్ణే కాదు, ఆ రోడ్డున నడిచే ప్రతి తండ్రీ కొడుకు జాతకంలో ఆ కంపెనీ ఉందేమోనని చూసుకునేవాడు.

2001 సంవత్సరం గురించి రెండు మాటలు చెప్పాలి. ఆ ఏడు సత్యం న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజికి ఎక్కింది. ఆ డిసెంబరులో గచ్చిబౌలిలో ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్‌ను ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. ఆ స్కూలు వెనక ఉండి నడిపించినవారిలో ముఖ్యులు మెకిన్సీ పెద్ద రజత్ గుప్తా, ఆయన సహచరుడు అనిల్ కుమార్. అదే డిసెంబరులో అమెరికాలో ఎన్రాన్ దివాలా తీసింది. ఒకచోట స్కూలుకు రిబ్బను కోస్తున్న నెలలోనే మరోచోట ఆ చదువు చదివినవాడు నడిపిన కంపెనీకి తాళం పడుతోంది. నేను ఆ రెండు వార్తలూ చదివే ఉంటాను. ఒకదాని పక్కన ఒకటి పెట్టుకుని చూడలేదు.

2008 సెప్టెంబరులో సత్యానికి కంపెనీ పాలన బాగా చేస్తున్నందుకు లండన్ సంస్థ ఒకటి 'గోల్డెన్ పీకాక్' అవార్డు ఇచ్చింది. బంగారు నెమలి! నాలుగు నెలలు తిరగకుండానే వెనక్కి తీసుకుంది.

డిసెంబరు 16న జరిగిన బోర్డు మీటింగు గురించి కొంచెం నెమ్మదిగా చెప్తాను, ఎందుకంటే నా పేపరంతా అందులో ఉంది. రాజుగారి కుటుంబానికి చెందిన మేటాస్ అనే రెండు కంపెనీలను సత్యం 160 కోట్ల డాలర్లకు కొనాలని ప్రతిపాదన. ఇంగ్లీషులో సత్యాన్ని తిరగేసి రాస్తే వచ్చే మాటే మేటాస్. సత్యాన్ని తలకిందులు చేస్తే ఏమవుతుందో వాళ్ళే బోర్డు మీద రాసిపెట్టుకున్నారు, మనమే చదవలేదు. యజమాని కుటుంబానికి స్వంత ప్రయోజనం ఉన్న బేరం కనుక ఆ మీటింగుకు అధ్యక్షత వహించినవారు స్వతంత్ర డైరెక్టరు ఎం. రామ్మోహన్ రావు. ఆయన ఎవరనుకున్నారు? ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ డీను. అంతకుముందు బెంగుళూరు ఐ.ఐ.ఎం. డైరెక్టరు. ఫోనులో పాల్గొన్న మరో డైరెక్టరు కృష్ణ పాలెపు, హార్వర్డ్ బిజినెస్ స్కూలు ప్రొఫెసరు. వాల్తేరులో చదువుకున్నవారు. కంపెనీ బోర్డులు ఎలా పనిచేయాలి అన్నదే ఆయన ప్రత్యేక విషయాల్లో ఒకటి. మీటింగులో ప్రశ్నలు వేయకపోలేదు. మనకు సంబంధంలేని వ్యాపారంలోకి ఎందుకు, ధర ఎలా కట్టారు అని అడిగారు. అడిగి, చివరికి అందరూ సరేనన్నారు. ఆ రాత్రి న్యూయార్క్‌లో షేరు సగానికి పైగా కూలింది. తెల్లవారేలోగా బేరం రద్దయింది. నెలాఖరులోగా స్వతంత్ర డైరెక్టర్లు ఒకరి వెనక ఒకరు రాజీనామాలు ఇచ్చారు.

2009 జనవరి 7న రామలింగరాజు స్వయంగా ఉత్తరం రాశాడు. పుస్తకాల్లో చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు అసలు లేవని. పులి మీద సవారీ చేస్తున్నట్టయింది, దిగితే తినేస్తుందని. షేరు ఒక్కరోజులో సుమారు 179 రూపాయల నుంచి 40 రూపాయలకు పడింది. రామ్మోహన్ రావుగారు ఆ జనవరిలోనే డీను పదవి వదిలారు. ఆ తరవాత సి.బి.ఐ. లెక్కబెడితే దొంగ ఇన్వాయిసులే 7,500 పైచిలుకు తేలాయి. 2015 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు రాజు, ఆయన సోదరులు, ఆడిటర్లు, కంపెనీ ఉద్యోగులు కలిపి పదిమందికి శిక్ష వేసింది. మే నెలలో పై కోర్టు శిక్ష నిలిపి బెయిలిచ్చింది. ఆ పదిమందిలో ఈ ప్రొఫెసర్లు లేరు. ఆ దొంగలెక్క వాళ్ళు రాయలేదు. చూడవలసిన కుర్చీలో కూర్చున్నారు, కనిపించలేదు.

ఆ జనవరిలో సంక్రాంతి సెలవులయ్యాక నా క్లాసు. అంతకుముందు ఎన్నడూ లేనంత మంది వచ్చారు. సత్యంలో ఉద్యోగం ఖాయమనుకున్న పిల్ల ఒకతె ఏడ్చిన మొహంతో కూర్చుంది. నాకూ ఓ యాభై షేర్లుండేవి గనుక నా మొహమూ అంతంతమాత్రమే. పంచతంత్రం కథ చెప్పాను. ఒక వర్తకుడు ఊరికెళ్తూ ఇనుప త్రాసు స్నేహితుడి దగ్గర దాచాడు. తిరిగొచ్చి అడిగితే "ఎలుకలు తినేశాయి" అన్నాడా స్నేహితుడు. వర్తకుడేమీ అనకుండా అతని కొడుకును స్నానానికని తీసుకెళ్ళి దాచిపెట్టి, గద్ద తన్నుకుపోయిందని చెప్పాడు. ఇనుము తినే ఎలుకలున్న ఊళ్ళో పిల్లాణ్ణి ఎత్తుకుపోయే గద్దలుండవా అన్నాడు. "మన కథలో ఎలుకలు కూడా అక్కర్లేదు, అసలు త్రాసే లేదు" అన్నాను. అందరూ నవ్వారు. ఆ ఊపులో, చదువుకున్నవాళ్ళు, నీతులు బోధించేవాళ్ళు కళ్ళు మూసుకుని ఎలా సంతకాలు పెడతారండీ అని ఉపన్యాసం దంచాను.

వెనక బెంచీలో ఒక కుర్రవాడు లేచాడు. నగరవాసి కాదు, నల్లగొండ జిల్లా వైపువాడు. ఎప్పుడూ నోరు విప్పేవాడు కాదు. "సార్, ఏమనుకోకండి. పోయినేడు ఇన్‌స్పెక్షన్ నాడు మీరు గూడ సంతకం పెట్టిండ్రు గద" అన్నాడు.

పెట్టాను. అప్పటి కాలేజీల్లో ఈ తంతు ఎరగనివాళ్ళు తక్కువ. గుర్తింపు కమిటీ వచ్చే రోజుకు అధ్యాపకుల పట్టిక నిండాలి. నేను 2004లో చేరినట్టూ, పూర్తికాలం పనిచేస్తున్నట్టూ, నెలకు ఫలానా జీతం పుచ్చుకుంటున్నట్టూ ఒక ఫారం. సంతకం పెట్టి, కమిటీ ఎదుట టై కట్టుకుని కూర్చున్నాను. పిల్లలతో లైబ్రరీలో పుస్తకాలు తిప్పించారు. మధ్యాహ్నం భోజనంలో రెండు స్వీట్లు. ఇంటికొచ్చి టై విప్పుతుంటే మా ఆవిడ "ఎవరి పెళ్ళి?" అని కూడా అడిగింది.

గంట మోగింది, బతికిపోయాను. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. చూడవలసిన కుర్చీలో కూర్చుని చూడలేదని నేను పొద్దున తిట్టింది ఎవరిని?

మర్నాడు క్లాసులో బోర్డు మీద నా వివరాలు రాశాను. చేరిన తేదీ: 2004. దాని మీద ఒక్క గీత గీసి పక్కన 2006 అని రాశాను. జీతం అంకె కొట్టేసి పక్కన 'గంటకు 200' అని రాశాను. కింద పొట్టి సంతకం. నాన్న పద్ధతి. పిల్లలు చప్పట్లు కొడతారని లోపల ఎక్కడో అనుకున్నానేమో, ఎవరూ కొట్టలేదు. ఏడుపు మొహం పిల్ల చెయ్యెత్తింది. "సార్, ఇది బోర్డు మీద రాస్తే సరిపోతుందా? ఫారం వాళ్ళ దగ్గరే ఉంది కదా. వాళ్ళకు ఉత్తరం రాస్తే కాలేజీ గుర్తింపు పోతుంది. గుర్తింపు పోతే మా డిగ్రీలు ఏమవుతాయి? మా నాన్న అప్పుచేసి ఫీజు కట్టారు" అంది. నల్లగొండ కుర్రవాడు "రాయకపోతే వచ్చే ఏడు మళ్ళ గిదే గద" అన్నాడు. ఇంకొకడు మధ్యలో లేచి, "సార్ ఒక్కరే రాస్తే సార్ ఉద్యోగం పోద్ది, అందరం రాస్తే అందరి చదువూ పోద్ది, ఎవరూ రాయకపోతే ఎవరికీ ఏం పోదు" అని లెక్క కట్టాడు. ఆ గంటంతా వాదించుకున్నారు. నా వృత్తిలో అంత మంచి క్లాసు మళ్ళీ జరగలేదు. నేను మాట్లాడింది తక్కువ. పులి మీద కూర్చున్నవాడు ఏం మాట్లాడతాడు?

ఉత్తరం రాయలేదు. వాళ్ళూ రాయలేదు, నేనూ రాయలేదు. మరుసటి ఇన్‌స్పెక్షన్‌కు మాత్రం ఫారంలో 2006, గంటకు 200 అని నిజమే రాశాను. గుమాస్తా దాన్ని మర్యాదగా నా ఎదుటే చింపి, "పెద్దవారు, మీకు శ్రమెందుకు" అని ఇంకొకరి చేత కొత్త ఫారం నింపించాడు. తరవాతి సెమిస్టరుకు నాకు కబురు రాలేదు.

ప్రపంచం ఊరుకోలేదు. ఆ 2009లోనే హార్వర్డులో పాసవుతున్న విద్యార్థులు కొందరు, డాక్టర్లకున్నట్టు తమకూ ఒక ప్రమాణం ఉండాలని ఎం.బి.ఏ. ప్రతిజ్ఞ తయారుచేసుకుని సంతకాలు పెట్టారు. 2010లో అనిల్ కుమార్ అమెరికా కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. 2011లో గచ్చిబౌలి స్కూలు అధ్యక్షపదవి వదిలిన రజత్ గుప్తాకు 2012లో రెండేళ్ళ జైలుశిక్ష పడింది. కంపెనీ గదిలో విన్న రహస్యం మిత్రుడికి ఫోనులో చేరవేసినందుకు. నేరం చేయలేదనే ఆయన చివరిదాకా అన్నారు. విచిత్రమేమిటంటే ఆ స్కూలు విద్యార్థులకు మొదటినుంచీ ఆనర్ కోడ్ ఉంది. కాపీ కొడితే తోటివాళ్ళే విచారిస్తారు. పిల్లలకున్న నియమం పెద్దలకు లేదా అని ఎవరైనా అడిగారేమో. 2013 కంపెనీల చట్టంలో స్వతంత్ర డైరెక్టరు విధులు ఏమిటో వివరంగా రాశారు, ఆడిటర్లను ఏళ్ళ తరబడి ఒకరినే ఉంచకూడదన్నారు. ఆ ఏడే సత్యం పేరు కూడా టెక్ మహీంద్రాలో కలిసి మాయమైంది. యాభై షేర్లు ఏమయ్యాయంటారా? 2009లో భయపడి అమ్మేసుకున్నాను, ఆ నష్టం ఎథిక్స్ కాదు, తొందరపాటు.

ఇప్పటికీ పొద్దున్నే రాణీగంజ్ దాకా నడుస్తాను. ఆ నల్లగొండ కుర్రవాడు అక్కడే పంపుసెట్ల దుకాణం పెట్టాడు. కుర్రవాడేమిటి, జుట్టు తెల్లబడుతోంది. లెక్కలన్నీ కంప్యూటరులోనే. తప్పు అంకె నొక్కేస్తే ఆనవాలు లేకుండా పోతుందని, అతను గోడకు ఒక చిన్న నోటుబుక్కు వేలాడదీసి దిద్దినవన్నీ అందులో రాస్తాడు. నన్ను చూడగానే స్టూలు వేస్తాడు.

"సార్, ఆ రోజు ప్రశ్నకు జవాబు దొరికిందా?"

"లేదు నాయనా. నీకు?"

"నాకూ లేదు సార్" అని, ఎదురుగా ఇరానీ హోటలుకు రెండు చాయలు చెప్తాడు.